పంతొమ్మిదోసారి

కర్నూలు బయట, నంద్యాల రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. మే నెల, పొద్దున పదకొండు గంటలు. ఇంజనీరు సుజన, మెకానిక్ ఓబన్న. ఇద్దరి మధ్య స్టాండు మీద, మంచు పట్టిన నల్లటి రాకెట్ ఇంధనం ట్యాంకు.

"మళ్ళీ చెప్పు ఓబన్నా. ఎన్నోసారి?"

"పంతొమ్మిది."

"సరిగ్గా చూసినావా?"

"ఈ రెండు కండ్లతో చూసినా సుజనమ్మా. లిక్విడ్ నైట్రోజన్ ముప్పావు నిండినాక లీకు మీటరు అరిసినాది. ఆపి, మల్ల పెడ్తి. మల్లా అరిసినాది."

"కారుతాండేది యాడ?"

"అదే జాగా. అడుగున గుండ్రంగా తిరిగే కాడ."

"మళ్ళీ అక్కడే. మళ్ళీ పంతొమ్మిదే. ఆ సుత్తి యాడుంది? దీన్ని ఇప్పుడే..."

"ఆగు, ఆగు. సుత్తెందుకు ఇప్పుడు? నీళ్ళు తాగు ముందు."

"నాకొద్దు."

"ఆరు గంటలకు వచ్చినావు మ్మా. ఈ రేకుల కింద నలభై రెండు ఉండాది. రవ్వన్ని తాగు."

"వద్దంటి కదా! రెండో ట్యాంకు పద్ధెనిమిదిసార్లు. మూడోది ఇరవై. నాలుగోది పంతొమ్మిది. ఇప్పుడు ఐదోది, పంతొమ్మిది. ఎనిమిది నెలలు ఓబన్నా. ఎనిమిది నెలలు ఈ షెడ్డులో ఉడికి మనం చేసిందేమంటే నాలుగు చిల్లికుండలు."

"మన బాసు భూపేష్ సార్ ఫోన్ జేస్తే ఏమి చెప్తావు మల్ల?"

"ఏం చెప్పాల? మూడుసార్లు చెప్పిందే చెప్పాల. సార్, కార్బన్ దారం చలికి ముడుచుకోదు, దాన్ని పట్టుకున్న రెసిన్ ముడుచుకుంటాది. దారం వదలదు, రెసిన్ ఆగదు. ఆ గుంజుకోవడంలో రెసిన్ నెర్రెలిస్తాది, వెంట్రుక కన్నా సన్నగా. నింపి, ఖాళీ చేసి, ఎండకు వెచ్చబెట్టి, మళ్ళీ నింపినప్పుడల్లా ఆ నెర్రె ఇంకొంచెం పాకుతాది. పై పొర నెర్రె, కింది పొర నెర్రె కలిసిన రోజు గ్యాసుకు దోవ దొరుకుతాది. ఇదే కదా?"

"ఇదే."

"ఆయన ఏమంటాడో తెలుసా?"

"ఏమంటాడు?"

"మరి మొదటి ట్యాంకు యాభైసార్లు ఎట్ల నిలిచిందమ్మా అంటాడు. అంతే. నువ్వు చెప్పు, ఎట్ల నిలిచింది?"

"నన్నడిగితే?"

"నిన్నే అడగాల. ఐదింటినీ చుట్టింది నువ్వే. అదే దారం, అదే రెసిన్, అదే ఓవెను, ఇదే స్టాండు. నింపింది కూడా నువ్వే. నేను మూడు వారాలు బెంగళూరులో ఉన్నా."

"అవును, నువ్వు ల్యా అప్పుడు."

"లేను. అందుకే అడుగుతాండా. అప్పుడు నువ్వేం చేసినావు, ఇప్పుడు నేనున్నప్పుడు ఏం చేయడం లేదు?"

"ఏమోమ్మా."

"ఏమో అనద్దు. నువ్వు ఏమో అంటే నాకు తిక్క లేస్తాది."

"ఏమో కాక ఏమి చెప్పేది? నేను ఎర్రగుంట్లలో ఇరవై ఏండ్లు సిమెంటు ఫ్యాక్టరీలో వాల్వులు తిప్పినోన్ని. ఇప్పుడు ఈడ తిప్పుతాండా. తిప్పమంటే తిప్పుతా."

"సెప్టెంబరు రిజిస్టరు తియ్యి."

"అది యేల ఇప్పుడు?"

"తియ్యంటే తియ్యి."

"బీరువా తాళం యాడ పెడ్తినో ఏమో..."

"నీ జేబుకే ఏలాడతాంది."

"ఓ, ఈడనే ఉండాదే. ఇంద."

"ఇది చూడు. మొదటి ట్యాంకు. ఒకటి నుంచి పదకొండు దాకా మైనస్ నూటతొంభై రెండు, తొంభై ఐదు, తొంభై మూడు... ఒక్కోసారి ఒక్కో తీరుగా చల్లబడింది. మన మిగతా ట్యాంకుల్లాగే. పన్నెండు నుంచి చూడు. నూటతొంభై ఐదు, నూటతొంభై ఐదు, నూటతొంభై ఐదు. యాభై దాకా గీత గీసినట్టు అదే."

"ఊఁ."

"అంటే పన్నెండోసారి నుంచి నువ్వేదో కొత్తగా చేసినావు. మెల్లగా పోసినావా? ముందు చల్లగాలి పంపి తర్వాత పోసినావా? బాగా యోచన చేయి."

"ఏమీ కొత్తగా చేయల్యా మ్మా."

"నీకు తెలీకుండానే చేసింటావు. ఆ ఒక్క కిటుకు దొరికితే చాలు."

"కిటుకేమీ లేదంటి గదా!"

"అరవద్దు ఓబన్నా."

"అరవడంల్యా... వానాకాలం గదా అది. గాలిలో తేమ అదీ ఉంటాది. దానికేమన్నా..."

"తేమ?"

"ఏదో అన్నాలే."

"కాదు కాదు, ఆగు. తేమ. రెసిన్ కొంచెం తేమ పీల్చుకుంటే మెత్తబడతాది. మెత్తబడితే వెంటనే పగలదు. రెండోది అక్టోబరులో, మూడోది డిసెంబరులో, నాలుగోది ఫిబ్రవరిలో చేసినాం. ఒక్కదానికీ వానాకాలం తగల్లేదు. ఓబన్నా, ఆ నోటుబుక్కు ఇట్లా ఇవ్వు."

"వద్దు మ్మా, ఊరికే నోటికొచ్చిందంటి."

"ఆరో ట్యాంకు చుట్టుదాం. చుట్టి, తడిగుడ్డలు కప్పి, పది రోజులు పెట్టి..."

"ఆరోది వద్దు."

"ఎందుకొద్దు?"

"నువ్వు ఇంటికి పోయి పండుకో రెండు దినాలు. మొగం చూసుకున్నావా అద్దంలో? తర్వాత చూద్దాం అవన్నీ."

"నా మొగం సంగతి నీకెందుకు? ఆరోది ఎందుకొద్దో చెప్పు."

"ఊరికే సుట్టి సుట్టి పగలగొట్టేదానికి ఎందుకు మ్మా? నాకూ కష్టంగానే ఉంటాది. ఒక్కో ట్యాంకుకు పన్నెండు దినాలు నిలబడి సుడతా."

"కష్టమైతే నాకు సాయం చేయి! గుర్తు తెచ్చుకో! ఒక ట్యాంకు యాభైసార్లు తట్టుకుంది, అది మన చేతుల్లో నుంచే పోయింది. అట్లాంటిది మళ్ళీ చేయలేకపోతే నేను ఇంజనీరునా? ఇదో, ఇప్పుడే ఫోటో పంపినాడు హనుమేష్. చూడు, ఎంత కళగా ఉందో."

"ఎవరు?"

"హనుమేష్ అప్పా. మన మొదటి ట్యాంకు కొనుక్కుపోయిన కంపెనీలో పిల్లోడు. కోడుమూరు అవతల ఇంజను మండించే జాగా పెట్టుకోలేదా? ఈరోజు మళ్ళీ మండిస్తారంట. హైదరాబాదు నుంచి పెద్దోళ్ళు వచ్చినారంట చూసేదానికి."

"ఆ ట్యాంకుతోనా?"

"ఆ ట్యాంకుతోనే. ఏడుసార్లు నింపినారు దాన్ని. నిమ్మళంగా ఉందంట."

"ఏడా?"

"ఏడు. ఇప్పుడు నింపుతాండేది ఎనిమిదోది."

"ఎనిమిది..."

"ఏంది, వేళ్ళ మీద లెక్కబెడ్తాండావు?"

"వాల్లు నింపేది నైట్రోజనే గదా?"

"ఇంజను మండించేదానికి నైట్రోజన్ ఎందుకు? మీథేను. లిక్విడ్ మీథేను. మన నైట్రోజన్ అంత చలి ఉండదు గానీ ప్రెషర్ మనకన్నా ఎక్కువ పెడ్తారు."

"అది కారితే?"

"యాభైసార్లు తట్టుకున్నది ఎందుకు కారుతాది?"

"కారితే ఏమైతాది అంటి."

"మీథేను అంటే ఏమనుకున్నావు, నీళ్ళా? పక్కనే ఇంజను. ఒక్క నిప్పురవ్వ చాలు."

"మనుషులు యాడుంటారు?"

"నింపేటప్పుడా? ట్యాంకు పక్కనే. వాల్వు కాడ ఒకరు, పైపు కాడ ఒకరు. ఎందుకడుగుతాండావు? చెమట చూడు ఎట్ల కారుతాందో. నీళ్ళు తాగాల్సింది నువ్వు."

"ఫోన్ జెయ్యి."

"ఎవరికి?"

"ఆ హనుమేష్‌కు. ఆపమను."

"ఏంది ఆపేది?"

"నింపేది ఆపమను సుజనమ్మా. ఫోన్ జెయ్యి ముందు, తర్వాత చెప్తా."

"పెద్దోళ్ళు వచ్చి కూర్చున్నారు ఆడ. ఏమని ఆపమనేది? ఓబన్నకు భయమేస్తాంది అని చెప్పాల్నా?"

"పదకొండే."

"ఏం పదకొండు?"

"మొదటిది. పదకొండుసార్లే నింపితిని. మిగతా ముప్పైతొమ్మిది ఈడ కూర్చోని రాస్తిని."

"ఏమంటాండావు?"

"నువ్వు ఫోన్ జెయ్యి, నీ కాల్లు పట్టుకుంటా."

"పదకొండు... ఎనిమిది. పదకొండూ ఎనిమిదీ..."

"పంతొమ్మిది మ్మా. అందుకే చెప్తాండా. పంతొమ్మిది."

"నా ఫోన్ యాడ పెట్టినా? ఓబన్నా, నా ఫోన్!"

"నీ చేతిలోనే ఉండాది."

"ఎత్తు, ఎత్తు హనుమేషూ, ఎత్తు..."

"ఏమక్కా! ఫోటో చూస్తివా? మీ ట్యాంకు ఈరోజు సూపర్‌గా..."

"హనుమేషూ, నింపడం అయిపోయిందా?"

"నింపుతాండాం. సగం దాటినాది. ఎందుకక్కా?"

"ఆపు."

"ఆఁ? ఇనపడల్యా. గాలి శానా ఉండాది ఈడ."

"నింపేది ఆపు అంటాండా. వాల్వు మూయించి అందర్నీ దూరం పంపించు."

"ఏమైందక్కా?"

"చిన్న డౌటు ఉంది నాకు."

"చిన్న డౌటా? అక్కా, పెద్దోల్లు పదిమంది ఎండలో టోపీలు పెట్టుకోని కూర్చున్నారు. మా సార్ నా ఎనకనే నిలబడుకోని ఉండాడు. చిన్న డౌటుకు ఎట్ల ఆపేది? రేపు మాట్లాడుకుందాంలే."

"రేపు కాదు, ఇప్పుడే. మా ఐదోది కూడా ఈరోజు కారింది."

"అది మీ ఐదోది. ఇది మొదటిది గదా. యాభైసార్లు నిలిచిన ట్యాంకని మీరే రాసిస్తిరి."

"అది నిలవలేదు."

"ఏమీ?"

"యాభై అబద్ధం హనుమేషూ. పదకొండుసార్లే నింపినాం దాన్ని. మా ట్యాంకులన్నీ పంతొమ్మిదికి పోతాండాయి. నువ్విప్పుడు నింపుతాండేదే పంతొమ్మిదోది."

"అక్కా, ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరో ఎందుకు? నేను చెప్తాండా. ఆ రిపోర్టు కింద సంతకం నాది. అది అబద్ధమని కూడా నేనే చెప్తాండా. నీకు దండం పెడ్తా, ముయ్యి."

"ఈరేషూ! లేయ్ ఈరేష్! వాల్వు ముయ్యి! ముయ్యి అంటాండా గదా, ఎందుకని అడగద్దు! సార్, మీరు ఎనక్కి రండి సార్, అందరూ ఎనక్కి..."

"హనుమేషూ? హలో? కట్టయింది."

"మల్ల జెయ్యి మ్మా."

"వద్దు. పని చేసుకోనీ. వాడే చేస్తాడు."

"సుజనమ్మా..."

"నాతో మాట్లాడద్దు."

"సరే."

"ఎందుకు చేసినావు? ఏం అవసరమొచ్చింది నీకు? నువ్వు అట్లాంటి మనిషివి కాదు. ఒక్క బోల్టు వదులుంటే ఇంటికి పోనోడివి. ఎందుకు చేసినావు?"

"మాట్లాడద్దంటివి."

"ఓబన్నా!"

"ఈ చెయ్యి చూడు."

"చూసినా. ఆ రెండు వేళ్ళు పొయ్యి మీద కాల్చుకున్నావు. మీ ఇంట్లో వరమ్మ వదిన లేనప్పుడు నువ్వు అన్నం వండుకుంటా... అట్లనే కదా చెప్పినావు?"

"అట్లనే చెప్తిని. పొయ్యి కాదు మ్మా. పదకొండోసారి నింపుతాంటే పైపు మూతి కాడ నైట్రోజన్ చిందె. గ్లౌజు ఆడ చినిగి ఉండె. మొదట నొప్పి గూడా తెలీల్యా. తెల్లగా చెక్క మాదిరి అయిపాయ. రాత్రికి బొబ్బలెక్కె. పది దినాలు ఈ చేత్తో గ్లాసు గూడా పట్టుకోల్యాకుంటి. వాల్వు ఎట్ల తిప్పేది?"

"నాకు ఫోన్ చేసి చెప్పాల కదా."

"చెప్తే? చెయ్యి పనికిరాదు, యాభై మూడేండ్లు, ఇంగ ఇంటికి పోప్పా అంటారు. సిమెంటు ఫ్యాక్టరీలో అట్లనే గదా పంపించినారు నన్ను, నడుము పట్టుకున్నప్పుడు. సార్ దినామూ ఫోన్ జేసి ఎన్నయినాయి, ఎన్నయినాయి అని అడుగుతాండె. ఒగ దినం పన్నెండు అంటి. ఇంగ మరుసటి దినం పదిహేను అనాల గదా. అట్ల పాయ."

"గ్లౌజు చినిగిందని ముందే చెప్పలేదెందుకు? అది చెప్పినా..."

"చెప్తి."

"ఎప్పుడు?"

"నువ్వు బెంగళూరు పొయ్యేనాడు. బస్సు కాడ. బ్యాగు నీ భుజానికి అందిస్తా చెప్తి. అంతకు ముందు గూడా ఒగసారి చెప్తి. వచ్చే వారం తెప్పిస్తాలే అంటివి."

"అన్నానా?"

"అన్న్యావు. నీ మీద నెట్టేదానికి చెప్పడంల్యా. రాసింది నేనే. పెన్ను ఎడమ చేత్తో పట్టుకోని రాస్తి."

"ఎడమ చేత్తోనా..."

"అక్షరాలు వంకరగానే ఉండాయి చూడు పన్నెండు నుంచి."

"నేను అంకెలే చూసినా. అక్షరాలు చూడలేదు. ఆఖరికి అంకెలు కూడా అప్పుడు చూడలేదు. బెంగళూరు నుంచి దిగినరోజు యాభై వరసల కింద ఒకేసారి సంతకాలు పెట్టినా. నిలబడుకోని పెట్టినా. టీ తాగుతా పెట్టినా."

"నేను చూస్తాంటి. అడుగుతావేమో అని చూస్తాంటి. అడిగింటే చెప్పేసింటి."

"అడగలేదు."

"అడగల్యా."

"నీకింకొకటి చెప్పేదా? ఆగస్టులో నేనొక లెక్క వేసినా. రెసిన్ ఎన్నిసార్లకు నెర్రెలిచ్చి దోవ దొరుకుతాదని. ఎంత వచ్చిందో తెలుసా?"

"ఎంత?"

"పంతొమ్మిది."

"ఈ పంతొమ్మిదేనా మ్మా?"

"సగం మందంలో పల్చటి పొరలు చుడితే నెర్రె అంత తొందరగా పుట్టదని కూడా అందులోనే రాసినా. చుట్టే పని రెండింతలైనా పర్లేదు అనుకున్నా. ఇంతలో మొదటిది యాభై దాటిందని నువ్వు చెప్పినావు. నాకు లెక్క చేయడం రాదనుకున్నా. ఆ కాగితాలు చించేసినా. ఎనిమిది నెలల నుంచి నేను ఎతుకుతాండేది నీ ఎడమ చేతి రాతను."

"నన్ను కొట్టు మ్మా. ఊరికే అట్ల నిమ్మళంగా మాట్లాడద్దు."

"కొట్టే ఓపిక లేదు."

"నేను సార్‌కు చెప్తా. ఇప్పుడే చెప్తా. నాదే తప్పు అని చెప్తా. నీ పేరు రానియ్యను."

"నా సంతకాన్ని ఏం చేస్తావు? గమ్మునుండు. ఇద్దరం కలిసి చెప్దాం. గ్లౌజుతో మొదలుపెట్టి చెప్దాం. ఉద్యోగాలు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి."

"పల్చటి పొరలు అంటివే... నేనుంటే సుట్టేద్దును."

"ఆ మాట ఇప్పుడొద్దు ఓబన్నా. హనుమేష్ ఇంకా చేయలేదెందుకు? పది నిమిషాలైంది."

"పన్నెండు."

"పేలింటే ఈపాటికి..."

"అనద్దు ఆ మాట. ఇదో, మోగతాండాది. ఎత్తు."

"హలో! హనుమేషూ?"

"అక్కా... మూసేసినాం. మీథేను అంతా ఎనక్కి లాగేసినాం. పెద్దోల్లను, మనోల్లను అందర్నీ రోడ్డు దాకా పంపిస్తిమి. ఎవరికీ ఏం గాలే."

"ఎవరికీ ఏం కాలేదు. ఓబన్నా, ఎవరికీ ఏం కాలేదంట!"

"ఇన్న్యా మ్మా. ఇన్న్యా."

"హనుమేషూ, కారుతాండాదా అది? చూసినావా?"

"కారుతాండాది. అడుగు పక్క, గుండ్రంగా తిరిగే కాడ. గ్యాసు మీటరు పెట్టంగానే గొంతు సించుకోని అరిసినాది. శానాసేపటి నుంచే కారుతాండినట్లుంది అక్కా. నువ్వు ఇంగ రెండు నిమిషాలు ఆలిస్యంగా చేసింటే..."

"పెట్టంగానే అంటే?"

"ఆఁ?"

"మీటరు పెట్టంగానే అంటివి. అది ట్యాంకు కింద ఎప్పుడూ ఉండాల్సింది కదా? మీరు నింపినంతసేపూ ఉండాల."

"ఉండాల అక్కా."

"మరి ఇప్పుడు పెట్టడమేంది? యాడి నుంచి తెచ్చి పెట్టినావు?"

"జీపులో నుంచి."

"జీపులో యేల ఉంది అది? హనుమేషూ, నిన్నే అడుగుతాండా. ఎప్పటి నుంచి ఉంది జీపులో?"

"అక్కా, వదిలెయ్యి. ఎవరికీ ఏం గాలే గదా."

"చెప్పు."

"ఆరోసారి నింపినప్పుడే అరిసిందక్కా అది. మీ రిపోర్టు తీసి చూస్తిమి. యాభై అని ఉండె, కింద నీ సంతకం ఉండె. మీటరే చెడిపోయిందనుకోని, పీకి జీపులో ఏస్తిమి."